అత్తయ్య ఉన్న లెక్కలు

నెయాఫు, వవౌ దీవి
1994 ఏప్రిల్ 11

తమ్ముడు కెలేపికి,

ఈ ఉదయాన్ని చూడనిచ్చిన దేవునికి స్తోత్రం. నేను క్షేమం.

నీ పెద్దకూతురు లెసియెలి శనివారం మీ హుంగా దీవి పడవలో దిగింది. చంకలో చాప చుట్ట, చేతిలో బతికున్న కోడి. కోడి నాకట. చదువు చెప్పించుకోవడానికి కోడి అక్కర్లేదన్నాను. కనుబొమలు ఎగరేసి మనవాళ్ళ పద్ధతిలో అవునంది. కోడి మాత్రం ఇక్కడే తిరుగుతోంది.

బడి ఉద్యోగం మానేశాక ఏడాదికి ఒక్క పిల్లనే తీసుకుంటున్నానని నీకు తెలుసు. ఎదురెదురుగా కూర్చుంటేనే చదువు ఎక్కుతుందని నా నమ్మకం. ఈ ఏడు నీ కూతురు. నవంబరులో ప్రవేశ పరీక్ష. గట్టెక్కితే రాజధాని నుకుఅలోఫాలో పెద్ద బడి. తప్పితే చదువు అంతటితో సరి. హుంగా నుంచి ఇంతవరకూ ఎవరూ గట్టెక్కలేదు.

పిల్ల మంచిదే. తల వంచుకుని కూర్చుంటుంది. "అర్థమైందా?" అంటే కనుబొమలు ఎగరేస్తుంది. "మళ్ళీ చెప్పనా?" అన్నా అంతే. "అసలేమీ అర్థం కాలేదా?" అని కూడా అడిగి చూశాను. మళ్ళీ కనుబొమలే.

సాయంత్రం వరండాలోకి ఎండ కొడుతోంది. పేజీ కనబడటం లేదు.

ద్రాక్షతోటలో ఆదివారం పనికి వెళ్ళకు.

నీ అక్క
లుసియానె

*

రాబిన్‌వేల్, ఆస్ట్రేలియా
1994 మే 2

పూజ్యులైన అక్కయ్యగారికి,

మీ ముందు తల వంచి చాప మీద కూర్చుని రాస్తున్నాననుకోండి. నిజానికి ద్రాక్ష పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాను. ఇక్కడ చాపలు లేవు.

నా కూతురికి మీరు చదువు చెప్పడం మా వంశం చేసుకున్న పుణ్యం. మీ మాటకి అది అవును తప్ప ఇంకోటంటే నాకు రాయండి, ఉత్తరంలోంచే చెవి మెలేస్తాను.

ఎండ అన్నారు. చదివిన మధ్యాహ్నమే ఊళ్ళోకి వెళ్ళి గుడారపు గుడ్డ కొన్నాను. దుకాణంలో ఉన్నవాటిలో అదే పెద్దది. ఓడలో వస్తోంది. ఆలస్యమైనందుకు మన్నించండి.

ఇక్కడా ఎండే. గొర్రెల కాపరులు పెట్టుకునే వెడల్పు టోపీ ఒకటి కొన్నాను. అది పెట్టుకుని అద్దంలో చూసుకుంటే లేచి నమస్కారం పెట్టబుద్ధి వేస్తుంది.

మీ ఆజ్ఞ కోసం ఎదురుచూసే
కెలేపి

*

నెయాఫు
1994 మే 30

కెలేపీ,

స్తోత్రం. గుడ్డ అందింది. నేను అడగలేదు. దాన్ని విప్పితే వరండాతో పాటు పక్కింటి పందులదొడ్డి కూడా కప్పుకుపోయింది. పందులు కృతజ్ఞతతో ఉన్నాయి. ఇప్పుడు వరండాలో చీకటి. దీపం పంపకు.

భిన్నాలు మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయాం. నా అలవాటు తెలుసుగా, ఇంట్లో మనుషుల్నే లెక్కల్లో కూర్చోబెడతాను, పిల్లకి తేలిగ్గా ఉంటుందని. "అత్తకూ ముగ్గురు పిల్లలకూ పన్నెండు చేపలు సమానంగా పంచు" అన్నాను. ఆరు, రెండు, రెండు, రెండు అని రాసింది. తప్పు, మళ్ళీ చెయ్యమన్నాను. మళ్ళీ ఆరు, రెండు, రెండు, రెండు. ఈసారి అంకెలు ఇంకా గుండ్రంగా రాసింది.

రోజూ ఇదే. ఒక్కోసారి, ఈ పిల్లకి పుస్తకం కంటే చాప అల్లికే నయమేమో అనిపిస్తుంది. మొగలి ఆకు పట్టుకుంటే ఆ వేళ్ళు అంత చక్కగా నడుస్తాయి.

పాఠం ఎంతసేపు చెబుతున్నానో కూడా తెలియడం లేదు, గోడ గడియారం ఆగిపోయింది.

నీ కోసం ప్రార్థిస్తున్నాను.

లుసియానె

*

రాబిన్‌వేల్
1994 జూన్ 20

పూజ్యులైన అక్కయ్యగారికి,

మీ ఆజ్ఞ ప్రకారం దీపం పంపలేదు. గడియారం పంపాను. గంట కొట్టినప్పుడల్లా అందులోంచి పిట్ట బయటికొస్తుంది.

చాప అల్లిక గురించి మీరు రాసింది చదివి ద్రాక్షతీగల మధ్య కూర్చుని ఏడ్చాను. మా పిల్ల పెద్ద బడి గేటు లోపల నిలబడితే చూడాలని ఉండేది. అయినా మీకు తెలియనిది నాకేం తెలుసు? అదే టపాలో మా ఆవిడ ఫిఫితకి రాశాను: వెళ్ళి అమ్మాయిని తీసుకొచ్చి చాపల దగ్గర కూర్చోబెట్టు, ఇది అక్కయ్య మాట అని. మీ మెత్తని మనసు నాకు తెలుసు కనక, జాలిపడి ఉండనీ అంటారు, నేను చెప్పలేదు అని కూడా అంటారు, వినొద్దని రాశాను.

మొదటి చాప మీకే.

మీ కెలేపి

*

నెయాఫు
1994 జూలై 8

కెలేపీ,

స్తోత్రం చివర రాస్తాను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఫిఫిత మొన్ననే వచ్చి పిల్లని తీసుకుపోయింది. ఏం జరిగిందో చదువు.

"వదినగారూ, మీరు చెప్పారట కదా, తీసుకెళ్ళమని."

"నేను చెప్పలేదమ్మా."

"అవును వదినగారూ." మూట కట్టడం మొదలుపెట్టింది.

"చెప్పలేదంటున్నాను ఫిఫితా."

"అవునండీ, చెప్పలేదు. లెసియెలీ, ఆ దువ్వెన ఇటివ్వు."

"పిల్లని ఉండనీ."

"మీ మనసు వెన్నండీ. ఆయన ముందే రాశారు." నా చెయ్యి ముద్దు పెట్టుకుని పడవెక్కింది. పిల్ల పడవలోంచి నన్నే చూస్తోంది. ఉండాలని ఉందో వెళ్ళాలని ఉందో ఆ ముఖంలో నాకు తెలియలేదు. అడిగినా కనుబొమలే కదా.

నేను విసుగుతో ఒక మాట రాశాను. అది ఆజ్ఞ కాదు. ఎండ అన్నది ఆజ్ఞ కాదు. గడియారం ఆగింది అన్నది ఆజ్ఞ కాదు. ఇది ఆజ్ఞ: పిల్లని వెంటనే వెనక్కి పంపించు.

స్తోత్రం. ఆయన ఓర్పుకి.

లుసియానె

*

రాబిన్‌వేల్
1994 జూలై 25

పూజ్యులైన అక్కయ్యగారికి,

హుంగాకి టెలిగ్రాం కొట్టాను. ఇంతకంటే సిగ్గుచేటు నా జీవితంలో లేదు. ఫిఫిత చాపలు అమ్మకానికి వస్తూ అమ్మాయిని తెస్తుంది. వెంట పడవ నడపడానికి ఆవిడ తమ్ముడు పౌలియాసి వస్తాడు. వాణ్ణి ఎక్కువ రోజులు ఉంచకండి. ఒకసారి మత్తెక్కించే కావా రసం గిన్నె ముందు కూర్చుంటే ఆ గిన్నె బోర్లించేదాకా లేవడు. పిల్ల వాడి జుట్టు పీకినా, వాడి పళ్ళెంలోంచి మాంసం లాక్కున్నా నవ్వుతాడు. మేనమామ కదా, మన పద్ధతిలో వాడికి గౌరవం అక్కర్లేదు, మర్యాదా తెలియదు.

అక్కయ్యగారూ, ఒక మనవి. మీ ఉత్తరంలో ఏది ఆజ్ఞో ఏది ఊరికే మాటో ఈ మట్టిబుర్రకి ఎలా తెలుస్తుంది? ఆజ్ఞ అయితే దాని కింద గీత గీయండి. గీత లేకపోతే ఏమీ కొనను.

ప్రయత్నిస్తాను.

కెలేపి

*

నెయాఫు
1994 ఆగస్టు 22

కెలేపీ,

స్తోత్రం. ఈసారి ఆ మాట మనసారా రాస్తున్నాను.

పిల్ల వచ్చింది. పౌలియాసి కూడా వచ్చాడు, ఇంకా వెళ్ళలేదు. వెళ్ళమని నేనూ అనలేదు. ఎందుకో చదువు.

గురువారం నాకు తలనొప్పి. పౌలియాసి గుమ్మంలో నిలబడి, "వదినగారూ, మీరు నడుం వాల్చండి. ఇవాళ పాఠం నేను చెబుతా. నాకూ లెక్కలొచ్చు. ఆరో తరగతి రెండేళ్ళు చదివా" అన్నాడు. నేను వంటింట్లో చేమదుంపలు చెక్కుతూ కూర్చున్నాను. మధ్య తడిక ఒక్కటే.

"చెప్పవే. అరలో పావు కలిపితే ఎంత?"

"ముందు నువ్వు చెప్పు."

"పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ నాలుగూ ఆరు. ఆరింట రెండు."

"నీ మొహం! అంటే మూడో వంతు. అరలో ఇంకాస్త కలిపితే అర కంటే తగ్గిపోయిందా? కావా తాగి తాగి బుర్రలో బురద పేరుకుంది మావయ్యా. ముప్పావు!"

"అమ్మో! అత్తగారి ముందు నోట్లో నాలుక లేదు, నా ముందు ఇంత పొడుగ్గా వచ్చిందే."

"నువ్వు మావయ్యవి కదా." ఏదో విసిరింది. వాడి చెప్పే అయ్యుంటుంది, ఆ తర్వాత పౌలియాసి ఒక చెప్పుతోనే తిరిగాడు.

కెలేపీ, నీ కూతురి గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే. గల గల గల. వాడు తప్పు చెబుతుంటే ఇది దిద్దుతోంది. పడవల మీద, కొబ్బరికాయల మీద, ఆవుల మీద ఏ లెక్క ఇచ్చినా తప్పలేదు. నేను కత్తి పక్కన పెట్టాను.

అప్పుడు వాడు నేను రాసిపెట్టిన కాగితం తీశాడు.

"అత్తకూ ముగ్గురు పిల్లలకూ ఒక పుచ్చకాయ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత?"

పెన్సిలు కాగితం మీద గీస్తున్న చప్పుడు.

"ఏమే, నోట్లో పెండలం పెట్టుకున్నావా?"

"అత్తయ్యకి సగం. మాకు తలో ఆరో వంతు."

"సమానంగా అని రాశారు కదే."

"సమానంగానే పంచా. మేం ముగ్గురం సమానం."

"మరి అత్తగారో?"

"అత్తయ్య మాతో సమానం ఎలా అవుతుంది మావయ్యా? నాన్న వింటే చంపేస్తాడు."

చేమదుంప నా చేతిలోంచి జారి గుమ్మందాకా దొర్లింది.

ఆ సాయంత్రం తన పాత కాగితాలన్నీ ముందేసుకున్నాను. నేను లేని లెక్క ఒక్కటీ తప్పలేదు. నేనున్న లెక్క ఒక్కటీ ఒప్పులేదు. సగం నాకు తీసిపెట్టి, మిగిలిన సగాన్ని ముగ్గురికి పంచి, ఆరో వంతు అని తేల్చిన పిల్ల! ఆ పిల్లకి భిన్నాలు వచ్చేలా చెయ్యమని నేను మోకాళ్ళ మీద ప్రార్థిస్తూ వచ్చాను. దేవుడు ఎందుకు ఉలకలేదో ఇప్పుడు తెలిసింది. వచ్చినవాటిని మళ్ళీ ఎక్కడ రప్పిస్తాడు?

పుట్టినప్పటి నుంచీ నాకు కాదు అని చెప్పినవాడు ఆయనొక్కడే. మిగతా అందరూ కనుబొమలు ఎగరేసినవాళ్ళే. నువ్వు కూడా.

ఇకనుంచి అత్త ఉన్న లెక్కలే చేయిస్తాను. నాకు పావు ఇవ్వడం నేర్పుతాను.

లుసియానె

*

రాబిన్‌వేల్
1994 సెప్టెంబర్ 12

పూజ్యులైన అక్కయ్యగారికి,

పావా?

ఉత్తరం మూడుసార్లు చదివి కూలీల షెడ్డులో మనవాళ్ళకి వినిపించాను. గుండెలు బాదుకున్నారు. నాన్న పోయినప్పుడు పందుల్లో, చాపల్లో, నారబట్టల్లో పెద్దవాటా ఎవరు తీసుకున్నారు? మీరు. నా పెళ్ళిలో పెద్ద పీట ఎవరిది? మీది. నేను లేచి నిలబడితే నా నీడ మీ మీద పడకూడదని పెరిగినవాణ్ణి. నా కూతురు మీకు పావు చేతిలో పెట్టి, తానూ పావు తీసుకుని ఎదురుగా కూర్చుని తింటుందా?

అక్కయ్యగారూ, ఎదిరించడం లేదు, ప్రాధేయపడుతున్నాను. లెక్కలోంచి మీరు లేచి వచ్చెయ్యండి. మీ బదులు పాదిరిగారిని పెట్టండి. పాదిరిగారు కుదరరు, ఆయనకీ మంచి ముక్క వెళ్తుంది. కుక్కల్ని పెట్టండి. నాలుగు కుక్కలు, ఒక ఎముక. ఎవరి గౌరవమూ పోదు.

ఇక్కడ ఒకతను నాకు ఫొటో తీశాడు. టోపీతో. మీ చూపు కోసం పంపుతున్నాను.

తల వంచిన
కెలేపి

*

నెయాఫు
1994 అక్టోబర్ 3

కెలేపీ,

స్తోత్రం. కుక్కలు ఎముకని సమానంగా పంచుకోవడం నేను చూడలేదు.

పరీక్ష కాగితం నేను రాసేది కాదు. అందులో ఎవరు కూర్చుంటారో నా చేతిలో లేదు. అత్త వస్తే? నాన్న వస్తే? ఊరి ప్రభువు వస్తే? హుంగా పిల్లలంతా ఎక్కడ తప్పారో నాకిప్పుడు అనుమానంగా ఉంది.

మొదటి వారం చేపలతో చేశాం. పిల్ల పంచుతుంది, నావి మూడు నా ముందు పెడుతుంది, పెట్టి, చాటున ఇంకొకటి తోస్తుంది. "అత్తయ్య చూడలేదులే" అని పౌలియాసితో గుసగుస. చూశాను.

శనివారం పుచ్చకాయ తెప్పించి కత్తి తన చేతికిచ్చాను. చాపల అమ్మకానికి మళ్ళీ వచ్చిన ఫిఫిత, పౌలియాసి, పిల్ల, నేను.

"వద్దు అత్తయ్యా."

ఆ మాట ఆ పిల్ల నాతో అనడం అదే మొదలు. వద్దు అంది, కెలేపీ. నేను సంతోషం బయటపెట్టలేదు.

"ఎందుకొద్దు?"

"చెయ్యి రావట్లేదు."

"కొయ్యవే," అన్నాడు పౌలియాసి, "మీ అత్తగారు ఆకలితో చచ్చిపోరు. పోతే నేను పూచీ."

ఫిఫిత వాడి నెత్తిన మొట్టింది. పిల్ల కళ్ళు మూసుకుని కోసింది. తెరిచి చూస్తే నాలుగు ముక్కలూ త్రాసులో తూచినట్టున్నాయి. నా ముక్క నాకిచ్చి, మొహం చాపకి ఆనించేసింది. నేను తిన్నాను. తియ్యగా ఉంది. ఇంకొంచెం కావాలనిపించింది, అడగలేదు. అడిగితే ఇచ్చేస్తుంది.

ఈ కింది మాట చూడు. గీత గీశాను:

ఈ విషయం గురించి పిల్లకి ఉత్తరం రాయకు.

లుసియానె

*

నెయాఫు
1994 నవంబర్ 14

కెలేపీ,

స్తోత్రం. పరీక్ష అయిపోయింది.

నేను బడి గేటు దగ్గర గొడుగు వేసుకుని నిలబడ్డాను. పిల్లలంతా అరుచుకుంటూ వచ్చారు. మన పిల్ల చివర వచ్చింది. నన్ను చూసి బావురుమని నా కాళ్ళ దగ్గర కూలబడింది.

"అత్తయ్యా, వచ్చింది."

"ఏం వచ్చింది?"

"మీరు. మీరూ, నాన్నా, మేం ముగ్గురం. ఇరవై పెండలాలు. సమానంగా. అత్తకి ఎన్నో వంతు అని."

"ఏం రాశావు?"

చెప్పలేదు. ఇంటికొచ్చి ప్రార్థన అయ్యాక చెప్పింది. ఐదో వంతు అని రాసిందట. నాన్న కూడా ఆ లెక్కలోనే ఉన్నాడు, చూస్తున్నాడు అనిపించిందట. అందుకని జవాబు కింద ఇంకో రెండు వాక్యాలు రాసిందట: "ఇది లెక్క కోసమే. పెండలాలు నిజంగా వస్తే అన్నీ అత్తయ్యవే, మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు."

దిద్దేవాళ్ళు ఏ జవాబు తీసుకుంటారో తెలియదు. మొదటిది తీసుకుంటే గట్టెక్కుతుంది, రెండోది తీసుకుంటే లేదు. పౌలియాసి "పెండలాలు నిజంగానే పంపించమని రాయాల్సింది" అంటున్నాడు. నేను పిల్లని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. తల మీద చెయ్యి వేశాను.

నీ ఫొటో బల్ల మీద ఉంది. మంచి టోపీ. తోట పనికి నాకు అలాంటిది ఉంటే బాగుండును.

లుసియానె

*

రాబిన్‌వేల్
1994 డిసెంబర్ 5

పూజ్యులైన అక్కయ్యగారికి,

నా కూతురు రాసిన రెండు వాక్యాలు షెడ్డులో చదివాను. అందరూ లేచి నిలబడ్డారు. గర్వంగా ఉంది. ఆ రెండు వాక్యాల వల్లే తప్పుతుందేమోనని భయంగా ఉంది. ఒకే ఛాతీలో రెండూ పట్టడం లేదు.

టోపీ గురించి రాశారు. గీత ఉందేమోనని కాగితం దీపానికి అడ్డం పెట్టి చూశాను, వెనక్కి తిప్పి చూశాను. లేదు. అయినా తీసి, దులిపి, పెట్టెలో పెట్టి, తాడు కట్టాను. మర్నాడు టోపీ లేకుండా తోటకి వెళ్ళాను. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి పడిపోతే తీగల మధ్యలోంచి మోసుకొచ్చారు.

పడుకుని ఆలోచించాను. పన్నెండేళ్ళ పిల్ల పరీక్ష హాల్లో ఒంటరిగా కూర్చుని మీకు ఐదో వంతు రాసింది. నలభై ఏళ్ళ నేను తాడు విప్పలేనా?

అక్కయ్యగారూ, టోపీ పంపను. ఇక్కడ ఎండ ఎక్కువ. నాకు కావాలి.

రాశాను. తపాలా పెట్టెలో వేసేటప్పుడు వెనక్కి తీసుకోబోతాను, అందుకే పక్క మంచం అతనికి ఇచ్చి వేయమంటున్నాను.

మన్నించండి, మన్నించండి.

కెలేపి

*

నెయాఫు
1994 డిసెంబర్ 21

తమ్ముడూ,

ఈ రోజును చూడనిచ్చిన దేవునికి స్తోత్రం.

లెసియెలికి పెద్ద బడిలో సీటు వచ్చింది. హెడ్‌మాస్టరు స్వయంగా ఇంటికొచ్చి చెప్పారు. ఆ కాగితం దిద్దినావిడ మిగతావాళ్ళని పిలిచి ఆ రెండు వాక్యాలు చదివి వినిపించిందట. మార్కు మొదటి జవాబుకే వేసిందట. ఆవిడకీ తమ్ముళ్ళు ఉన్నారట.

ఫిఫిత ఏడుస్తోంది. పౌలియాసి తనే చదువు చెప్పానని వాడవాడలా తిరుగుతున్నాడు, రెండో చెప్పు కూడా పోయింది. నిన్న గుంటపొయ్యిలో పంది వేశాం. పిల్లే పంచింది. పెద్దలకిచ్చే పంది వీపు ముక్క తెచ్చి నా ముందు పెట్టింది. లెక్క ప్రకారం ఎంత రావాలని అడిగాను. "ఇది లెక్క కాదు అత్తయ్యా, విందు" అంది, నా కళ్ళలోకి చూస్తూ. పెట్టిందంతా తిన్నాను.

నీ ఉత్తరం అందింది. టోపీ పంపను అన్న మాట సాయంత్రం ప్రార్థనలో దేవునికి చదివి వినిపించాను. ఫిఫిత ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. నేను ఆమెన్ అన్నాను.

టోపీ నెత్తి మీదే ఉంచుకో. దీని కింద గీత గీశాననుకో.

పిట్ట గడియారం ఇంకా ఆస్ట్రేలియా వేళే చూపిస్తోంది, అందరూ నిద్రపోతుంటే కూస్తోంది. ఇది ఊరికే మాట.

నీ అక్క
లుసియానె